సారె బీరువా పాత సామాన్ల బండికేనా?

వరద వచ్చి పోయాక వీధిలోకి రెండు బండ్లు వస్తాయి. ఒకటి బురద ఎత్తుకుపోయే మున్సిపాలిటీ బండి. రెండోది పాత సామాన్ల బండి. మొదటిది ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు గానీ, రెండోది మాత్రం నీళ్ళు తీసిన మర్నాడే గుమ్మం ముందుంటుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు, 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మం కాలనీల్లోకి వచ్చినప్పుడు, ఇళ్ళ ముందు గుట్టలుగా పడ్డ సామాను మనందరం చూశాం. పరుపులు, పుస్తకాలు, బియ్యం బస్తాలు సరే, వాటిని ఎలాగూ ఏం చెయ్యలేం. కానీ ఆ గుట్టల్లో మంచాలూ, బీరువాలూ, కుర్చీలూ, ఉయ్యాల బల్లలూ ఉంటాయి. అమ్మమ్మల నాటి టేకు సామాను. బురద పట్టి, పాలిష్ తెల్లబారి, తలుపు బిగుసుకుపోయి ఉంటే చూడగానే "ఇంకేం పనికొస్తుంది?" అనిపిస్తుంది. కట్టెల లెక్కన తూకం వేసి ఇచ్చేస్తాం.

వరద రాని ఇళ్ళలో మాత్రం? అక్కడ కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడో, కొడుకు పెళ్ళి కుదిరినప్పుడో ఇదే జరుగుతుంది. "ఈ పాత చెక్క ముక్కలు కొత్త ఇంట్లో ఏం బాగుంటాయే?" అని ఒక మాట, "కిస్తీల మీద కొత్తవి వస్తున్నాయి గదా" అని ఇంకో మాట. అంతే, ఆటో మాట్లాడేస్తారు. ఆ మాటకు ముందు ఇంటి ఇల్లాలిని ఒక్క ప్రశ్న అడిగేవాళ్ళు ఎంతమంది? "ఇది నీ సారె సామాను, ఏం చేద్దామంటావ్?" అని.

అది ఎవరి సొమ్ము?

మన వైపు ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు పందిరి మంచమో, పట్టె మంచమో, చెక్క బీరువానో, అద్దం బల్లో సారెగా పెట్టడం తరతరాలుగా ఉన్నదే. కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం నేరమని 1961 నాటి చట్టం చెప్పింది. దాన్ని సమర్థించే పని ఈ పేజీకి లేదు. కానీ పుట్టింటివారు ప్రేమతో పెట్టిన వస్తువు ఎవరిదన్న విషయంలో చట్టానికి ఏ సందేహమూ లేదు. అది స్త్రీధనం. 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చి చెప్పింది. పెళ్ళిలో అమ్మాయికి పెట్టిన వస్తువులు అత్తారింట్లో ఉన్నంత మాత్రాన ఉమ్మడి ఆస్తి అయిపోవు, భర్త దగ్గర ఉన్నా అవి ఆమెవే అన్నది దాని సారాంశం. స్త్రీధనమంటే మనకు నగలే గుర్తొస్తాయి. నిజానికి మంచమూ అంతే, బీరువా కూడా అంతే.

దీనికోసం కోర్టుకెళ్ళమని ఎవరూ అనడం లేదు. బండివాడితో బేరం కుదిరేముందు "ఆగండి, నేను చూసుకుంటాను" అనే హక్కు మీకుందని గుర్తు పెట్టుకోమనే చెప్పడం. అయితే ఆ మాట అన్నాక ఆ సామానును ఏం చెయ్యాలో కూడా తెలిసి ఉండాలి గదా! లేకపోతే అది మరో పదేళ్ళు వసారాలో పడి చెదలకు ఆహారమవుతుంది. ఈ వారం సంగతి అదే.

అడవి పక్కన ఉండి అట్ట చెక్కా?

మనం ఉన్నది ఎక్కడ? కొత్తగూడెం దాటితే చాలు, రోడ్డుకు రెండు వైపులా అడవే. టేకు, నల్లమద్ది, ఏగిస, జిట్టేగి పేర్లు ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. ఒక టేకు చెట్టు అటవీశాఖ కోతకు రావాలంటే యాభై అరవై ఏళ్ళు పడుతుంది. అంటే మీ అమ్మమ్మ మంచంలో ఉన్న చెక్క, ఆమె పుట్టకముందు మొలిచిన చెట్టుది. అలాంటి ముదురు చేవ ఈనాడు డబ్బు పోసినా సులువుగా దొరకదు. దొరికినా అనుమతి కాగితాల్లేని దొంగ కలప అయ్యే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఇంట్లో ఉన్న టేకును తూకానికి అమ్మి, బయట చవగ్గా వస్తోందని కాగితం లేని టేకు కొనడమంటే అటు అడవికీ ఇటు మన జేబుకీ నష్టమే.

ఇక కొత్తగా కొంటున్నదేమిటో చూడండి. చాలా దుకాణాల్లో "చెక్క" అని అమ్మేది రంపపు పొట్టును జిగురుతో అదిమి, పైన చెక్క బొమ్మ ఉన్న కాగితం అతికించిన బోర్డు. చూడ్డానికి నున్నగా ఉంటుంది, నిజమే. కానీ అంచున ఒకసారి నీళ్ళు దిగాయంటే ఉబ్బుతుంది. ఉబ్బిన తర్వాత మళ్ళీ దిగదు. స్క్రూ పట్టదు. మేకు దిగదు. గోదావరి ఒడ్డున, మున్నేరు ఒడ్డున ఉండేవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. అసలు చెక్క నీళ్ళలో నానినా, జాగ్రత్తగా ఆరబెడితే చాలావరకు తిరిగి మన దారికొస్తుంది. కీలు ఊడితే వడ్రంగి బిగిస్తాడు. కాలు విరిగితే ఇంకో కాలు వేస్తాడు.

సుద్ద రంగు కొత్తదేం కాదు

పాత చెక్క సామానుకు కొత్త రూపు తేవడానికి ఈమధ్య పట్టణాల్లో "చాక్ పెయింట్" అనే మాట బాగా వినిపిస్తోంది. 1990లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో యానీ స్లోన్ అనే ఆవిడ దీన్ని తయారుచేసి ఆ పేరుతో అమ్మడం మొదలుపెట్టింది. నీళ్ళతో కలిసే రంగు. అందులో సుద్దలాంటి పొడి ఉండటం వల్ల మెరుపు లేకుండా మెత్తగా, పాత ఇంటి గోడలా కనిపిస్తుంది. దీని గొప్ప ఏమిటంటే చెక్కను తెగ గీకి నున్న చెయ్యనక్కర్లేదు. చాలాచోట్ల ప్రైమర్ కూడా అక్కర్లేదు. తుడిచి, ఆరబెట్టి, కుంచె పట్టుకోవడమే. గంటలో ఆరుతుంది. వాసన తక్కువ. పనయ్యాక కుంచె నీళ్ళలో కడుక్కోవచ్చు. ఇంటిపని మధ్యలో చేసుకునే ఆడవాళ్ళకు ఇంతకంటే ఏం కావాలి?

అయితే సుద్ద మీద రంగు వెయ్యడం మనకు తెల్లదొరసాని నేర్పిన విద్య కాదు. చేర్యాల నకాషీ కళాకారులు బొమ్మ గీసే గుడ్డకు ముందుగా సుద్దమట్టి, చింతగింజల అంబలి, చెట్టు జిగురు కలిపి పూతలు పెడతారు. ఆ తెల్లటి నేల మీదే ఎర్ర రంగు అంత నిండుగా నిలబడుతుంది. కొండపల్లి బొమ్మలకూ తెల్లపొణికి చెక్క మీద ముందు తెల్లటి పూతే వేస్తారు. సుద్ద, దాన్ని పట్టి ఉంచే జిగురు, పైన రంగు... సూత్రమంతా ఇంతే. డబ్బా మీద ఇంగ్లీషు పేరు చూసి బెదరాల్సిన పని లేదు.

వెయ్యదగ్గదీ, వెయ్యకూడనిదీ

ఇక్కడే చాలామంది తొందరపడతారు. ఎక్కడో ఒక ఫొటోలో తెల్లటి బీరువా చూసి, ఇంట్లో ఉన్న టేకు బీరువాకు తెల్లరంగు పూసేస్తారు. తర్వాత తీద్దామంటే చెక్క పోగుల్లోకి, చెక్కడం సందుల్లోకి దిగిన రంగు ఓ పట్టాన రాదు. అందుకే రంగు కంటే ముందు చెక్కను చూడాలి.

సొరుగు బయటికి లాగి దాని అడుగు చూడండి. బీరువా వెనకవైపు చూడండి. అక్కడ సాధారణంగా పాలిష్ ఉండదు. ఓ మూల గరుకు కాగితంతో కాస్త రుద్దితే బంగారు గోధుమ రంగు, పొడుగ్గా సాగిన గీతలు, చేతికి కాస్త జిడ్డుగా తగలడం, పాత తోలులాంటి వాసన ఉంటే అది టేకు. ముదురు ఊదా నలుపు చారలుంటే జిట్టేగి కావచ్చు. అనుమానముంటే మీ వీధి వడ్రంగిని పిలిచి చూపించండి. ఆయన గోటితో గీరి చెప్పేస్తాడు.

మంచి టేకో, జిట్టేగో అయితే దానికి రంగు వద్దు. అది తన రంగుతోనే అందం. దూదికి కాస్త స్పిరిట్ అద్ది మూల మీద రుద్దండి. పాత పూత మెత్తబడి దూదికి అంటుకుందంటే అది లక్క పాలిష్. వడ్రంగితో మళ్ళీ అదే పాలిష్ పట్టిస్తే చాలు, కొత్త పెళ్ళికూతురులా ఉంటుంది.

సుద్ద రంగు అసలు ఎవరికంటే, మామిడి, వేప లాంటి మామూలు చెక్కతో చేసిన సామానుకు. రెండు మూడు రకాల చెక్కలు కలిపి చేసిన వాటికి. లప్పం పెట్టి మరమ్మతు చేయడంతో అతుకులు కనిపించేవాటికి. పాత ఎనామిల్ రంగు పెచ్చులూడకుండా, కానీ వెలిసిపోయి ఉన్నవాటికి. పిల్లల చదువు బల్ల, వంటింటి గూళ్ళు, దేవుడి మందిరం కింద పీట, వసారాలో కుర్చీ. వీటికి రంగు మారితే ఇల్లే మారినట్టుంటుంది.

వరదలో తడిసిందయితే

ముందుగా ఆత్రం తగ్గించుకోవాలి. బురద ఎండక ముందే మంచినీళ్ళతో కడిగెయ్యండి. ఎండిన బురద చెక్క రంధ్రాల్లో కూర్చుంటే రాదు. సొరుగులు, అరలు, తలుపులు ఊడదీయండి. బిగుసుకున్న సొరుగును బలవంతంగా లాగితే కీళ్ళు విరుగుతాయి. వెనక పలక తీసి లోపలి నుంచి నెట్టాలి. తర్వాత నీడలో, గాలి తగిలేచోట, కింద ఇటుకలు పెట్టి నిలబెట్టండి. ఎండలో పెట్టారంటే పైభాగం త్వరగా ఎండి, లోపల తడిగా ఉండి, చెక్క వంకర తిరుగుతుంది, పగుళ్ళిస్తుంది. రోజులు కాదు, వారాలు పడుతుంది. మందపాటి మంచం పట్టెలకయితే ఇంకా ఎక్కువ.

లోపల తడి ఉండగా రంగు వేస్తే అది పొక్కులై లేస్తుంది. అందుకే వానాకాలంలో కడిగి ఆరబెట్టుకోండి. రంగు పని సంక్రాంతి దాటాక పెట్టుకోండి. ఉగాదికి ఇంట్లోకి తెచ్చుకోవచ్చు. తెల్లటి బూజు కనిపిస్తే ముక్కుకు గుడ్డ కట్టుకుని తడిగుడ్డతో తుడవాలి. పొడిగా దులిపితే ఇల్లంతా పడుతుంది. కింద సన్నటి పిండిలా రాలుతుంటే పుచ్చు పట్టిందన్నమాట. ముందు దానికి మందు, తర్వాతే రంగు.

పసిపిల్లలున్న ఇంట్లో ఇది మరిచిపోవద్దు

ఇది అన్నిటికంటే ముఖ్యం. పాత సామాను మీద ఉన్న నున్నటి ఎనామిల్ రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం పది లక్షల వంతుల్లో 90 వంతులకు మించకూడదని కేంద్రం 2016లో నియమాలు తెచ్చింది. అవి 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. పెట్రోలులో సీసం మన దేశంలో 2000లోనే ఆగింది. రంగుడబ్బాకు కట్టుదిట్టమైన చట్టం రావడానికి మరో పదిహేడేళ్ళు పట్టింది. అంటే మన ఇళ్ళలోని పాత ఉయ్యాలలు, కిటికీలు, మంచాలు చాలావరకు అంతకు ముందువే.

రంగు రంగులా చెక్కను అంటిపెట్టుకుని ఉన్నంతకాలం పెద్ద భయం లేదు. పెచ్చులూడినప్పుడు, మనం గరుకు కాగితంతో గీకినప్పుడు వచ్చే దుమ్ముతోనే ప్రమాదం. పాకే పిల్లలు నేల మీద చేతులు పెట్టి నోట్లో పెట్టుకుంటారు. సీసం రక్తంలో చేరితే రక్తహీనత వస్తుంది. పిల్లల మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. చదువులో వెనకబడతారు. గర్భిణి ఒంట్లో చేరిన సీసం కడుపులో బిడ్డకు చేరుతుంది. ఇంత అయితే ఫరవాలేదు అనే మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పైగా ఇది జ్వరంలా బయటపడదు. "మావాడు మందకొడి" అనుకుంటాం గానీ, ఉయ్యాలను అనుమానించం.

కాబట్టి పాత ఎనామిల్‌ను పొడిగా గీకొద్దు. మంట పెట్టి కాల్చి తీయొద్దు. తప్పనిసరైతే ఆరుబయట, కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, నీళ్ళు తడుపుతూ వాటర్ పేపర్‌తో మాత్రమే రుద్దండి. ముక్కుకు మంచి మాస్క్ ఉండాలి. పిల్లలు, గర్భిణులు ఆ చాయలకు రాకూడదు. రాలినదాన్ని చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో ఎత్తెయ్యండి. కట్టుకున్న చీర విడిగా ఉతకండి. పాత రంగు గట్టిగా ఉంటే అసలు గీకకుండా దాని మీదే సుద్ద రంగు వెయ్యడం మేలు. గీకుడు లేకపోవడమే ఈ రంగుతో వచ్చే అసలైన లాభం. అయితే పసిపిల్లలు పళ్ళొచ్చేటప్పుడు కొరికే ఉయ్యాల అంచులకు మాత్రం ఏ పూతా పరిష్కారం కాదు. దానికి పాత ఎనామిల్ ఉంటే ఆ ఉయ్యాలలో బిడ్డను వెయ్యకపోవడమే మంచిది.

చేసుకునే తీరు

డబ్బాలో దొరికే చాక్ పెయింట్ ఖరీదు ఎక్కువ. మీ ఊరి రంగుల దుకాణంలో దొరికే మెరుపులేని ఎమల్షన్‌తో ఇంట్లోనే చేసుకోవచ్చు. మూడు కప్పుల ఎమల్షన్‌కు ఒక కప్పు మెత్తటి చాక్ పౌడర్, సుమారు ఒక కప్పు నీళ్ళు. ముందు పొడిని నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, పల్చటి గుడ్డలో వడకట్టి, తర్వాత రంగులో పొయ్యాలి. దోసెల పిండి కంటే కాస్త పలచగా ఉంటే సరిపోతుంది. డబ్బా మీద సీసం లేదని రాసి ఉందో లేదో చూసి కొనండి. చాక్ పౌడర్ బదులు ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ వాడితే ఆ పూటకు సరిపడా మాత్రమే కలుపుకోండి. ఉంచితే రాయి అవుతుంది.

సామానును సబ్బునీళ్ళతో జిడ్డు పోయేలా తుడిచి, ఆరనిచ్చి, కన్నాలకు లప్పం పెట్టండి. ముదురు రంగు చెక్క మీద లేత రంగు వేస్తే కొన్నాళ్ళకు ఎర్రటి మరకలు పైకి తేలతాయి. అలాంటి చెక్కకు ముందుగా ఒక పూత లక్క పాలిష్ వేస్తే మరక ఆగుతుంది. తర్వాత సుద్ద రంగు రెండు పూతలు, మధ్యలో రెండు మూడు గంటల విరామం. ఒక్కసారే మందంగా వెయ్యకండి. ముందు వెనకవైపు ఓ మూల వేసి, మర్నాడు చూసి, అప్పుడు ముందుకు రండి.

సుద్ద రంగును అలాగే వదిలేస్తే చేతి మరక, నూనె మరక పట్టేస్తుంది. పైన రక్షణ కావాలి. విదేశాల్లో మైనం పూస్తారు. మనకు తేనెమైనానికి కొదవేముంది? ఈ అడవుల తేనె పేరున్నదే గదా! బీరువాలకు, గూళ్ళకు మైనం చాలా బాగుంటుంది. మెత్తటి గుడ్డతో పల్చగా రాసి రుద్దితే చాలు. కానీ తేనెమైనం అరవై అయిదు డిగ్రీలు రాకముందే కరుగుతుంది. వేడి గిన్నె పెట్టే భోజనాల బల్లకు అది నిలవదు. ఎండలు 45 డిగ్రీలు తాకే మన ఊళ్ళలో రేకుల ఇంట్లో ఉన్న సామాను మీద మైనం వేసవిలో జిగటగా తయారవుతుంది. అలాంటిచోట నీళ్ళతో కలిసే తెల్లటి వార్నిష్ రెండు పూతలు వెయ్యండి. ఒకవేళ అవిసె నూనె వాడితే, ఆ నూనె గుడ్డలను ముద్ద చేసి మూల పడెయ్యకండి. వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరుబయట ఆరేసి, ఆ తర్వాతే పారెయ్యండి.

కుంచె ఎవరి చేతిలో?

మన ఇళ్ళలో ముగ్గు వేసే చెయ్యి, సంక్రాంతికి గోడలకు సున్నం కొట్టే చెయ్యి, గడపకు పసుపు రాసి బొట్లు పెట్టే చెయ్యి ఆడవాళ్ళదే. కానీ అదే ఇంట్లో బీరువాకు రంగు వెయ్యాలంటే మాత్రం "అది మగవాళ్ళ పని, పెయింటర్‌ని పిలవాలి" అంటారు. ఎందుకు? సున్నం కొట్టడం కంటే బీరువా తలుపుకు రెండు పూతలు వెయ్యడం కష్టమా? కీళ్ళు బిగించడం, విరిగిన కాలు మార్చడం వడ్రంగికే వదిలేద్దాం. అది ఆయన విద్య, ఆయన జీవనం. కడగడం, ఆరబెట్టడం, లప్పం పెట్టడం, రంగు వెయ్యడం మనం చేసుకోవచ్చు. ఇద్దరు ముగ్గురు పొదుపు సంఘం సభ్యులు కలిసి కుంచెలు, మాస్క్‌లు, ఓ పట్టా కొనుక్కుంటే ఒకరి ఇంటి తర్వాత ఒకరిది పూర్తవుతుంది. చెయ్యి తిరిగాక ఇరుగుపొరుగు సామాను చేసిపెట్టి నాలుగు డబ్బులు చూసుకోవచ్చు కూడా.

అన్నీ దాచుకోమని చెప్పడం లేదు. లోపలంతా పుచ్చిపోయినదాన్ని, చెద తినేసినదాన్ని పట్టుకుని వేళ్ళాడితే మిగతా సామానుకూ తగులుతుంది. అది వదిలెయ్యాల్సిందే. అయితే ఏది వదలాలో ఏది ఉంచాలో సొరుగు లాగి, అడుగు చూసి, చెక్కను తాకి నిర్ణయించుకోండి. బండివాడి తక్కెడ, పక్కింటివాళ్ళ కొత్త సోఫా ఆ నిర్ణయం చెయ్యకూడదు. ఈ ఆదివారం ఓ గంట తీరిక చేసుకుని, మీ ఇంట్లో ఉన్న చెక్క సామానంతా ఒక్కసారి వెనక్కి తిప్పి చూడండి. పాత రంగు పెచ్చులూడుతున్న చోట పిల్లలు ఆడుతున్నారేమో ముందుగా అది చూడండి. ఆ తర్వాత ఏ రంగు వెయ్యాలన్నది మీ ఇష్టం. సామాను మీదే గదా!